కువైట్ గడియారం

సాయంత్రం ఏడు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకు నా తెర మీద నలభై ఒక్క పేర్లు ఉన్నాయి. ఏడు ముప్పై ఒకటికి ముప్పై మిగిలాయి. ఏడు ముప్పై ఆరుకి ఇరవై రెండు. ఎనిమిది నిమిషాల వ్యవధిలో పంతొమ్మిది మంది నా తరగతి వదిలి వెళ్లిపోయారు. వారిలో అందరికన్నా దూరాన ఉన్న విద్యార్థిని ఇల్లు, అమలాపురంలోని మా గుమ్మం నుంచి నలభై ఒక్క కిలోమీటర్ల ఏడు వందల మీటర్లు. ఈ దూరాన్ని నేను పదకొండు వారాల తరువాత కొలిచాను. మొదటి వారంలోనే కొలిచి ఉంటే రాయడానికి ఏమీ ఉండేది కాదు.

నేను గణాంకశాస్త్రం చదివాను. బోధనలోకి రాకముందు నాలుగేళ్లు ఒక కర్మాగారంలో నాణ్యత తనిఖీ విభాగంలో పనిచేశాను. ఏదైనా తేడా కనిపిస్తే ముందు కొలవడం, తరువాత మాట్లాడడం అక్కడ అలవడింది. ఆ అలవాటుతోనే దూరవిద్య డిగ్రీ కోర్సులో గణాంకశాస్త్రం పేపరును ఫోన్ల ద్వారా బోధించడానికి ఒప్పుకున్నాను. నా విద్యార్థులు పొద్దంతా పనిచేసుకునేవారు. మధ్యలో డిగ్రీ ఆగిపోయి, ఒకటో రెండో పేపర్లు మిగిలినవారు.

కోర్సు పదిహేను వారాలు. వారానికి మూడు తరగతులు: మంగళ, బుధ, శుక్రవారాలు. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదింపావు దాకా, డెబ్బై అయిదు నిమిషాలు. మొత్తం మూడు వేల మూడు వందల డెబ్బై అయిదు నిమిషాలు. అందులో డెబ్బై అయిదు శాతం, అంటే రెండు వేల అయిదు వందల ముప్పై రెండు నిమిషాలు, తరగతిలో ఉన్నవారికే పరీక్ష రాసే అర్హత. ఎవరు ఎన్ని నిమిషాలున్నారో యంత్రమే లెక్కిస్తుంది. దాన్ని దిద్దే అధికారం ఎవరికీ లేదు. చివర అర్హుల జాబితా మీద సంతకం మాత్రం నాది.

ఏడు గంటల సమయం నిర్ణయించింది కూడా నేనే. మొదటి రోజున అందరినీ అడిగాను: "ఏడు గంటలు మీ అందరికీ అనుకూలమేనా?" ఒక నిమిషంలోపు నలభై ఒక్క జవాబులు వచ్చాయి. "ఆయ్ అండి." "ఆయ్ మేష్టారూ." "ఆయ్, తమరెప్పుడంటే అప్పుడేనండి." ఆ జవాబులను భద్రపరిచాను కూడా. పుట్టి పెరిగింది కోనసీమలోనే కనుక నాకు తెలిసి ఉండాలి: మా వైపు పెద్దవాళ్లు ఏదైనా అడిగితే ముందు ఆయ్ అంటాం. అది కుదిరేదో కాదో ఇంటికి వెళ్లాక ఆలోచిస్తాం. ఆయ్ అనడం మర్యాద, అంతవరకే. నేను నలభై ఒక్క మర్యాదలను నలభై ఒక్క సమాచారాలుగా లెక్కలో వేసుకున్నాను.

మూడో వారంలో, ఆ దూరపు విద్యార్థినికి ఫోన్ చేశాను. ఆమె ఉండేది సఖినేటిపల్లిలో, గోదావరి దాటి నరసాపురం వెళ్లే పంటు రేవుకి దగ్గరగా. వయసు ముప్పై ఒకటి. అంగన్‌వాడీ కార్యకర్త. పెళ్లికి ముందే డిగ్రీలో అన్ని పేపర్లూ పూర్తిచేసింది, గణాంకశాస్త్రం ఒక్కటి తప్ప. ఆమె నమోదు గడువుకి ఇదే ఆఖరి దఫా. ఇప్పుడు తప్పితే, ఇంతకుముందు పాసైన పేపర్లన్నీ కూడా రద్దవుతాయి. పాసైతే సూపర్‌వైజరు పరీక్షకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ వివరాలు ఆమె నమోదు పత్రంలో ఉన్నవే. ఆమె మాత్రం తన గురించి ఏమీ చెప్పలేదు.

"ఏమ్మా, ఏడున్నర అయ్యేసరికి ఎక్కడికి వెళ్లిపోతున్నారు?"

"నెట్‌వర్క్ అండీ మేష్టారూ."

"మంగళవారం, బుధవారం పోయే నెట్‌వర్క్ శుక్రవారం ఎలా ఉంటోంది?"

"ఆయ్. శుక్రవారం బాగుంటుందండీ."

"మరి బుధవారం ఆఖరిదాకా ఉంటారా?"

"ఆయ్, తప్పకుండా ఉంటానండీ."

ఆ బుధవారం ఏడు ముప్పై రెండుకి ఆమె పేరు తెర మీద నుంచి మాయమైంది.

నెట్‌వర్క్ అన్న మాటను ఊరికే వదలలేదు. తరగతులు లేని సోమ, గురువారాలలో స్కూటరు తీసుకుని, బోడసకుర్రు వంతెన నుంచి తాటిపాక మీదుగా రాజోలు దాకా, ఏడుంబావు నుంచి ఏడుముప్పావు వరకు సిగ్నల్ బలం కొలిచాను. రెండు వందల పన్నెండు కొలతలు తీశాను. ఏడున్నరకి ఏ టవరూ బలహీనపడడం లేదు. తాటిపాక సెంటర్లో టీ కొట్టాయన నన్ను నాలుగుసార్లు చూసి, ఐదోసారి అడిగేశాడు: "ఏదైనా పారేసుకున్నారేటండీ ఇక్కడ?" పంతొమ్మిది మందిని, అనబోయి మానుకున్నాను.

ఇక మిగిలిన ఆధారం శుక్రవారం. శుక్రవారం ఒక్కరూ వెళ్లడం లేదు. నేను మంగళ, బుధవారాలలో సిద్ధాంతం చెప్పి, శుక్రవారం లెక్కలు చేయించేవాడిని. అంటే సిద్ధాంతం వారిని తరిమేస్తోంది, లెక్కలు పట్టి ఉంచుతున్నాయి. ఇంతకన్నా స్పష్టమైన నిర్ధారణ ఉండదనిపించింది. ఆరో వారం నుంచి మూడు రోజులూ లెక్కలే చేయించాను. సిద్ధాంతాన్ని లెక్కల మధ్య సర్దాను.

ఫలితం చూసి నాకే ఆశ్చర్యం కలిగింది. మంగళవారం ఏడు ముప్పై ఆరుకి నలభై ఒక్క పేర్లు. ఎనిమిదింపావుకీ నలభై ఒక్క పేర్లు. ఒక వారం కాదు, వరుసగా నాలుగు వారాలు. నేను పదకొండు పేజీల నివేదిక రాశాను. రెండు పటాలు గీశాను. అధ్యయన కేంద్రం సమన్వయకర్త దాన్ని నెలవారీ సమావేశంలో చదివి వినిపించి, నాకు శాలువా కప్పారు. సరిగ్గా ఆ వారంలోనే నేను తరగతిలో చెప్పిన పాఠం ఇది: రెండు విషయాలు కలిసి నడిచినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణం కాదు. ఉదాహరణలు కూడా బాగానే ఇచ్చాను.

పదో వారం మంగళవారం, ఏడు ముప్పై ఒకటికి పేర్లు మళ్లీ రాలిపోయాయి. ఏడు ముప్పై ఆరుకి ఇరవై రెండు. పాఠం అదే, పద్ధతి అదే, లెక్కలూ అవే. పదకొండో వారమూ అంతే.

అప్పుడు ఆ సఖినేటిపల్లి విద్యార్థిని నిమిషాలు తీసి చూశాను. పదకొండు వారాలకు వెయ్యి ఎనిమిది వందల నలభై అయిదు. మిగిలిన నాలుగు వారాలలో తరగతుల మొత్తం తొమ్మిది వందల నిమిషాలు. అర్హతకి ఆమెకి ఇంకా ఆరు వందల ఎనభై ఏడు కావాలి. ఇలాగే ఏడున్నరకి వెళ్లిపోతూ ఉంటే వచ్చేవి అయిదు వందల నలభై. అంటే ఆమె పరీక్ష గదిలో అడుగుపెట్టదు. ఆమె పేరు లేని జాబితా మీద నేను సంతకం పెడతాను. ఆమె పాసైన పేపర్లన్నీ ఆ సంతకంతోనే పోతాయి.

ఆ ఆదివారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు స్కూటరు తీశాను.

పది ముప్పై అయిదుకి వారి వాకిట్లో ఉన్నాను. అరవై ఏళ్ల ఆవిడ, చీర కుచ్చెళ్లు ఎగదోపి, ఒలిచిన కొబ్బరికాయలను రెండు పోగులుగా వేరుచేస్తోంది. ఒక్కొక్క కాయనూ చెవి దగ్గర పెట్టి ఆడించి, ఇటో అటో వేస్తోంది. నా వంక ఎగాదిగా చూసింది.

"కాయలు బేరం అయిపోయినియ్యండీ. రేపొచ్చేదాకా ఏం లేవు."

"నేను కాయలకి రాలేదండీ. మీ కోడలుగారికి ఫోన్లో పాఠం చెప్పే మేష్టార్ని."

చేతిలో కాయ అలాగే పట్టుకుని లేచి నిలబడింది. "ఓలమ్మో! మేష్టారే! ఏమేవ్, నీ ఫోన్లో మేష్టారు మనింటికొచ్చేరు! కుర్చీ పట్రా!" నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఏటి బాబూ, సరిగ్గా చదవట్లేదా? చెప్పండి పర్లేదు. నేను చూసుకుంటాను."

"అది కాదండీ. చదువుతారు. సగంలో వెళ్లిపోతున్నారు, అంతే."

కోడలు కుర్చీ తెచ్చి వేసి, గుమ్మంలో నిలబడింది. నేను ఆమెను చూడడం అదే మొదటిసారి. తరగతిలో ఆమె కెమెరా ఎప్పుడూ మూసే ఉండేది.

కూర్చుని తల ఎత్తాను. ఎదురుగా గోడ మీద రెండు గడియారాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పది గంటల నలభై నిమిషాలు చూపుతోంది. నా చేతి గడియారంలోనూ అంతే. రెండవది ఎనిమిది గంటల పది నిమిషాలు. ఆగిపోయిందనుకున్నాను. సెకన్ల ముల్లు తిరుగుతూనే ఉంది.

"ఆ రెండో గడియారం వెనకబడిందండీ," అన్నాను. తప్పు కనిపిస్తే చెప్పకుండా ఉండలేను.

పెద్దావిడ పకపకా నవ్వింది. "అది వెనకబడలేదు బాబూ. కువైట్‌లో ఉందది. మావోడు లేచేడా, తిన్నాడా, డ్యూటీ దిగేడా, చూసుకోవాలి గదండీ మరి."

రెండున్నర గంటల తేడా. నేను లెక్క వేయనక్కర్లేకపోయింది, గోడ మీద వేసి ఉంది. ఇక్కడ ఏడున్నర అయితే అక్కడ అయిదు.

"ఆయన డ్యూటీ ఎన్నింటికి దిగుతారమ్మా?" అని కోడలిని అడిగాను.

ఆమె అత్తగారి వైపు చూసింది. జవాబు అత్తగారే ఇచ్చింది. "నాలుగున్నరకి బండెక్కుతాడండీ. అయిదుకి రూములో ఉంటాడు. చెప్పులిడిసి ముందు మాకే చేస్తాడు. ఈ వీధిలో చూడండి, ఏడున్నరైతే ప్రతి ఇంట్లోనూ ఫోన్ ఎత్తుకునుంటారు. ఎదురింట్లోనూ అంతే, పక్కింట్లోనూ అంతే. పక్కింటోళ్ల మాటెందుగ్గానీ."

"మరి శుక్రవారం?"

"శుక్రవారం ఆళ్లకి సెలవు గదండీ. పొద్దుటే చేసేస్తాడు."

తరువాతి ప్రశ్న అడగకముందే జవాబు నాకు తెలిసిపోయింది. అయినా అడిగాను. "మొన్న నాలుగు వారాలు రోజూ ఆఖరిదాకా ఉన్నారు కదమ్మా?"

"రంజాన్ నెలండీ మేష్టారూ," అంది ఆమె, మొదటిసారిగా నా వంక సూటిగా చూస్తూ. "రంజాన్‌కి ఆళ్ల కంపెనీలో రెండింటికే పంపేస్తారండీ. సాయంత్రం అయిదుకే ఫోనొచ్చేసేది."

నా పదకొండు పేజీలూ, రెండు పటాలూ, శాలువా, అన్నీ ఆ రెండు గడియారాల కింద కూర్చునే పోగొట్టుకున్నాను. చిత్రం ఏమిటంటే, నాకు బాధ కలగలేదు. కర్మాగారంలో వారాల తరబడి పట్టుబడని లోపం ఒక మర చప్పుడులో దొరికినప్పుడు కలిగే సంతోషం కలిగింది.

"నన్ను మూడో వారంలో అడిగినప్పుడే ఈ మాట చెప్పి ఉంటే?"

ఆమె తల వంచుకుంది. "మొగుడు ఫోన్ చేస్తాడని మేష్టారితో ఎలా చెప్తామండీ? అయినా ఏడు గంటలు మీరు పెట్టిన టైమ్ గదండీ."

"ఇంట్లో ఫోనొకటే బాబూ," అంది అత్తగారు. "దాన్ది కాదది, ఇంటిది. పిల్లాడి మొహం నేనూ చూడాలి. అందుకని లాక్కుంటాను. నిజం చెప్పాలి గదా."

నిమిషాల లెక్క ఇద్దరికీ చెప్పాను. ఆరు వందల ఎనభై ఏడు అన్న సంఖ్య వినగానే కోడలు లోపలికి వెళ్లి పెన్నుతో అరచేతి మీద రాసుకుని వచ్చింది. పెద్దావిడ పోగులోంచి ఒక కాయ తీసి, ఆడించి, మంచి పోగులో వేసింది. "పాసైన పేపర్లు కూడా పోతాయా? ఆ ముక్క నాకెవరూ చెప్పలేదే," అంది. ఆ తరువాత టీ వచ్చింది. అందులో పంచదార రెండు గ్లాసులకి సరిపడా ఉంది.

తిరుగు దారిలో ఒక నిర్ణయానికి వచ్చాను. ఈసారి "అనుకూలమేనా" అని అడగకూడదు. అడిగితే మళ్లీ నలభై ఒక్క ఆయ్‌లు వస్తాయి. ఆయ్ అని జవాబివ్వడానికి వీలు లేని ప్రశ్న కావాలి. ఆదివారం సాయంత్రం నాలుగింటికి అందరికీ ఒక పట్టిక పంపాను. ఉదయం అయిదు నుంచి రాత్రి తొమ్మిది వరకు, అరగంటకి ఒక గడి. ప్రశ్న ఒక్కటే: ఈ అరగంటలో మీ ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది?

సోమవారం మధ్యాహ్నానికి నలభై ఒక్క పట్టికలు వచ్చాయి. ఏడున్నర నుంచి ఎనిమిది గడిలో పంతొమ్మిది మంది రాసినవి చదువుతుంటే ఒక వీధిలో నడిచినట్టుంది. అమ్మ. అత్తయ్యగారు. మా పాప, వాళ్ల నాన్నతో. రాజోలు నుంచి ఒకాయన, భార్య కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తోంది, ఇలా రాశాడు: "ఫోన్ నా చేతిలోనే ఉంటుందండి, కానీ మా ఆవిడ చూస్తుంటుంది కాబట్టి పాఠం చూడడం కుదరదండి."

అందరికీ ఖాళీగా ఉన్న డెబ్బై అయిదు నిమిషాలు ఒకేచోట దొరకలేదు. ఆరున్నరకి ముందు సగం మంది ఇళ్లకే చేరరు. కానీ రెండు ముక్కలుగా దొరికాయి: ఏడు నుంచి ఏడు ఇరవై అయిదు, తిరిగి ఎనిమిది అయిదు నుంచి ఎనిమిది యాభై అయిదు. ఇరవై అయిదూ యాభై కలిస్తే డెబ్బై అయిదు. మధ్య నలభై నిమిషాలు కువైట్‌వి.

ఆ మధ్యాహ్నం మూడింటికి సమావేశం. సమన్వయకర్త నా పట్టిక చూసి కళ్లద్దాలు తీసేశారు. "ఏటండీ మేష్టారూ, శాలువా కప్పి నెల కూడా కాలేదు. పద్ధతి కుదిరిందన్నారు. మళ్లీ మార్చడమేంటండీ?"

నేను లేచి, నివేదికను ఉపసంహరించుకుంటున్నానని చెప్పాను. కారణం లెక్కలు కాదు, రంజాన్ నెల అని చెప్పాను. వెనక వరుసలోంచి తెలుగు మేష్టారి గొంతు: "అయితే ఆ శాలువా ఆ నెలకి కప్పాల్సిందండీ, ఈయనకి కప్పేశాం." అందరికన్నా ముందు నేనే నవ్వాను. సమన్వయకర్త నవ్వుతూనే సంతకం పెట్టారు.

మంగళవారం ఏడు ఇరవై అయిదుకి పాఠం ఆపాను. "ఇప్పుడు అందరూ వెళ్లవచ్చు. ఒక షరతు. మీకు ఫోన్ చేసేవారికి ఇవాళ్టి లెక్క రెండు నిమిషాలలో చెప్పండి. వారు ఏమన్నారో ఒక్క మాట తీసుకురండి. ఫోన్ రానివాళ్లు ఇంట్లో ఎవరికైనా చెప్పండి." ఆనాటి పాఠం ప్రామాణిక విచలనం. సగటు చుట్టూ విలువలు ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత.

తెర ఖాళీ అయింది. నలభై నిమిషాలు ఆ ఖాళీ తెరను చూస్తూ కూర్చున్నాను. ఎనిమిది మూడుకి పన్నెండు పేర్లు. ఎనిమిది అయిదుకి ముప్పై నాలుగు. ఎనిమిది ఏడుకి నలభై ఒకటి.

నేను ఎవరినీ పిలవకముందే ఒక కెమెరా తెరుచుకుంది. సఖినేటిపల్లి ఆమె. వెనక గోడ మీద రెండు గడియారాలు.

"మేష్టారూ, చెప్పమంటారా అండీ? మా ఆయన ఏసీ మెకానిక్కండీ. నేను అంగన్‌వాడీ పిల్లల బరువులతో చెప్పేనండీ. రెండు కేంద్రాల్లోనూ సగటు పన్నెండు కిలోలే, కానీ ఒకచోట అందరూ పదకొండు నుంచి పదమూడు, ఇంకోచోట ఏడు కిలోలోళ్లూ ఉన్నారు, పదిహేడోళ్లూ ఉన్నారు అని. దానికాయన, 'ఓస్ అంతేనా, ఇల్లంతా కలిపి సగటు ఇరవై నాలుగు డిగ్రీలున్నా ఒక గది ఫ్రిజ్జులా, ఒక గది పొయ్యిలా ఉంటే కస్టమరు ఊరుకుంటాడా' అన్నారండీ."

పదకొండేళ్లుగా ఆ పాఠం చెబుతున్నాను. అంత బాగా ఎన్నడూ చెప్పలేదు. అది ఆ పూట బోర్డు మీదకి ఎక్కింది. దాని వెనకే మిగతావి వచ్చాయి. బేకరీలో రొట్టెల బరువు. ట్రాఫిక్ లేని రోజు, ఉన్న రోజు డ్రైవరు చేరే సమయం. రాజోలు ఆయన భార్య అయితే అన్నం కొలతతో చెప్పిందట: "పదిమందికి వండుతాను, సగటున సరిపోతుంది, అయినా రోజూ ఇద్దరు అరుస్తారు." మూడు నెలలు నోరు విప్పని తరగతి ఆ రోజు ఎనిమిది యాభై అయిదుకి ఆపితే ఆగలేదు.

పెద్దావిడ మొదట మూడు రోజులు అలిగిందని తరువాత తెలిసింది. "కొడుకు మొహం చూద్దామంటే నీ సగట్ల గోలేంటే," అందట. నాలుగో రోజున, "ఆణ్ణి కాదు, నన్నడుగు చెప్తాను," అని కాయల పోగుల లెక్క తానే చెప్పడం మొదలుపెట్టింది.

మిగిలిన తొమ్మిది వందలలో కోడలు వదులుకోగలిగినవి రెండు వందల పదమూడు నిమిషాలు. పదమూడో వారంలో ఈదురుగాలుల వానకి సఖినేటిపల్లి వైపు స్తంభాలు పడిపోయి, రెండు తరగతులు పోయాయి. నూట యాభై నిమిషాలు. మిగిలినవి అరవై మూడు.

ఆఖరి వారం మంగళవారం, ఆమె పరీక్ష దరఖాస్తుకి ఫోటో దిగడానికి నరసాపురం వెళ్లి, సాయంత్రం పంటు మీద తిరిగి వస్తోంది. రేలింగు పక్కన నిలబడి ఫోన్‌లో పాత లెక్క ఒకటి చూసుకుంటోంది. రేవు దగ్గరపడగానే వెనక మోటారుసైకిలు కదిలి ఆమె మోచేతికి తగిలింది. ఫోన్ గోదావరిలో పడింది. అయిదు యాభై.

ఇంటికి వచ్చి అత్తగారితో ఆమె అన్నది ఒక్కటే మాట: "అరవై మూడులోంచి డెబ్బై అయిదు తియ్యాలండీ అత్తయ్యగారూ."

"పోదు," అందట పెద్దావిడ. కొంగు దోపుకుని, నాలుగేళ్లుగా తొక్కని పక్కింటి గుమ్మం తొక్కింది. ఆ రెండిళ్ల మధ్య మాటలు పోయింది సరిహద్దులోని ఒక కొబ్బరిచెట్టు వల్ల. మొదలు వీరి వైపు, తల వారి పెరట్లో. కాయలు ఎవరివన్నదే తగువు. బేరం ఆరుమ్ముప్పావుకి మొదలై, ఏడున్నరకి పక్కింటి వారి కువైట్ ఫోన్ రావడంతో ఆగి, ఎనిమిదింటికి తెగింది.

ఏడింటికి నా తెర మీద ముప్పై తొమ్మిది పేర్లే ఉన్నాయి. ఒకరు అంతకు ముందు వారమే వీసా వచ్చి వెళ్లిపోయారు. లేని రెండో పేరు ఏదో వెతకనక్కర్లేకపోయింది. ఏడు ఇరవై అయిదు దాకా పాఠం ఎలా చెప్పానో నాకు తెలియదు. ఎనిమిది నాలుగుకి, ఎరుగని ఫోన్ నుంచి ఎవరో ఆమె నమోదు సంఖ్యతో తలుపు తట్టారు.

"ఎవరండీ?"

"నేనే బాబూ, అత్తగార్ని. కోడలు మంచినీళ్లు తాగుతోంది. వచ్చేస్తోంది. మీరు మొదలెట్టకండి. నిమిషాలు పడుతున్నాయా?"

"పడుతున్నాయండీ."

"ఆఁ, పడనీండి. చెట్టిచ్చేసేను."

వెనక నుంచి ఎవరో ఆడమనిషి గొంతు, "ఇచ్చేసేననకు వదినా, మాదే అని చెప్పు," అంది. ముప్పై తొమ్మిది మంది కెమెరాలు తెరిచారు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎవరికో నేను అడగలేదు.

పోయినవి ఇరవై అయిదు నిమిషాలు. ఆఖరి రెండు తరగతులకీ ఆమె పక్కింటి ఫోన్‌తోనే, పక్కింటి అరుగు మీదే కూర్చుంది. మొత్తం రెండు వేల అయిదు వందల డెబ్బై నిమిషాలు. కావలసినదానికన్నా ముప్పై ఎనిమిది ఎక్కువ. జాబితా మీద సంతకం పెట్టేటప్పుడు ఆమె వరుస సంఖ్య దగ్గర పెన్ను కాసేపు ఆపాను. తనిఖీకి కాదు, చూసుకోవడానికి.

ఫలితాల రోజున ఉదయం పదకొండింటికి ఫోన్ మోగింది. నేను అప్పటికే చూసి ఉన్నాను, డెబ్బై ఒకటి. అయినా ఏమీ ఎరగనట్టు ఎత్తాను.

"మేష్టారూ, డెబ్బై ఒకటండీ," అంది ఆమె. గొంతులో ఆయ్ లేదు, నెట్‌వర్క్ లేదు.

"మంచిది. ఇంక సూపర్‌వైజరు దరఖాస్తు?"

"పెడతానండీ. మార్కుల మాట మా ఆయనకి ముందే చెప్పేశానండీ. కువైట్‌లో ఇంకా లేవలేదంటే లేపేశాం. ఇవాళ శుక్రవారం గదండీ." ఇంతలో ఫోన్ చేతులు మారింది. "బాబూ, అది పాసవ్వడం కాదు. మీ తరగతికి సగటెంతొచ్చిందో చెప్పండి. దానికన్నా ఎక్కువేనా ఇది?"

"ఎక్కువేనండీ. సగటు యాభై ఎనిమిది."

"ఆఁ. చెదురు ఎంత?"

పదకొండేళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. పన్నెండు అని చెప్పాను. "పర్లేదు," అని ఫోన్ పెట్టేసింది.

లెక్క ఇది. చేరినవారు నలభై ఒక్కరు. పరీక్ష రాసినవారు ముప్పై తొమ్మిది మంది, పాసైనవారు ముప్పై ఆరుగురు, తప్పినవారు ముగ్గురు. అర్హత పోగొట్టుకున్నవారు ఇద్దరు: ఒకరు పద్నాలుగో వారంలో వీసా వచ్చి వెళ్లిపోయారు, రెండవ వారు ఆలమూరు వాసి, ఇరవై ఒక్క నిమిషాలు తగ్గాయి, ఆయన ఇంటికి నేను ఎన్నడూ వెళ్లలేదు. తప్పు కారణం వెంట గడిచినవి పదకొండు వారాలు. పనికిరాని సిగ్నల్ కొలతలు రెండు వందల పన్నెండు. ఉపసంహరించిన పేజీలు పదకొండు. సఖినేటిపల్లికి రానూ పోనూ ఎనభై మూడు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు, ఒకసారి. శాలువా ఒకటి, బీరువాలో. ఫోన్ ఒకటి, వశిష్ఠ గోదావరిలో. కొబ్బరిచెట్టు ఒకటి, ఏడాదికి సుమారు ఎనభై కాయలు, పక్కింటివారికి.